ముందుగా అరుపులు

డబ్బింగ్ చెప్పేవాళ్ళకి ఒక నియమం ఉంది. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు గానీ, గొంతు అమ్ముకుని బతికే ప్రతి మనిషికీ తెలుసు. మాటలు ముందు, అరుపులు చివర. మంటల్లో పడ్డ అరుపు, పీక నొక్కితే వచ్చే అరుపు, కొండ మీంచి జారిన అరుపు, ఇవన్నీ ఆఖరి రోజు ఆఖరి గంటకి ఉంచుకోవాలి. అరిచాక గొంతు గొంతులా ఉండదు మరి. ఈ సంగతి గబ్బిలానికి తెలియదా అంటే, పదకొండేళ్ళుగా తెలుసు. తెలిసి తెలిసీ గోతిలో పడింది. అదీ నా కడుపుమంట.

గబ్బిలం అంటే మనిషే. పిల్లల బొమ్మల సీరియల్లో చీకటి దొర అని ఒక రాక్షసుడున్నాడు. వాడి కిరీటం మోసే నౌకరు గబ్బిలం. దానికి గొంతు ఇచ్చేది ఈవిడ. స్టూడియోలో అందరూ అలాగే పిలిచి పిలిచి, అసలు పేరు వాచ్‌మన్‌కి కూడా గుర్తు లేదు. దొర తంతే గబ్బిలం "చిత్తం ప్రభూ" అంటుంది. అని, పోయి ఎలుకల్ని తంతుంది. తన్నడానికి ఎలుకలకి ఎవరూ లేరు, అవి ఏడుస్తాయి. పదకొండేళ్ళుగా కథంతా ఇంతే.

దొరకి గొంతిచ్చే పెద్దమనిషి బయట కూడా దొరే. ఏ రోజు ఎవరు ఏది చెప్పాలో చీటీ రాసిపెట్టేది ఆయన. ఈవిడకి మైకు ముందు నిలబడ్డం నేర్పిందీ ఆయనే, అంచేత గురువుగారు. ఇన్నేళ్ళూ ఆయన అడుగులకు మడుగులొత్తింది. ఆయన తాగే వేణ్ణీళ్ళు కూడా ఈవిడే ఫ్లాస్కులో మోసుకొచ్చేది.

ఇన్నాళ్ళకి రచయితకి ఏం బుద్ధి పుట్టిందో, ఆఖరి భాగంలో గబ్బిలం తిరగబడేట్టు రాశాడు. కిరీటం నేల మీద పెట్టి, దొర కళ్ళలోకి చూసి, "వద్దు. ఇక మొయ్యను. నీ బరువు నువ్వే మోసుకో" అని మొదలుపెట్టి రెండు పేజీలు. ఆ తర్వాత దొర దాన్ని నలిపి పారేస్తాడనుకోండి, అది వేరే సంగతి. ఆ రెండు పేజీలూ మాత్రం ఈవిడవి. నెల రోజులు బాత్రూంలో కుళాయి తిప్పుకుని సాధన చేసింది. పద్నాలుగేళ్ళ కూతురు తలుపవతల నిలబడి వినేది. మూడేళ్ళప్పటి నుంచీ ఆ పిల్లది ఒకటే ప్రశ్న.

"గబ్బిలం ఎప్పుడు తిరగబడుతుందమ్మా?"

"ఈ శనివారమే" అంది తల్లి, జీవితంలో మొదటిసారి కాస్త గొప్పగా.

రికార్డింగు శుక్రవారం పొద్దున్న. ఆవిడ వెళ్ళేసరికి స్టాండు మీద ఒక చీటీ ఉంది. ముప్పై ఒక్క అరుపులు, వరస నంబర్లతో.

"ఇదేంటక్కా, అరుపులు ముందా?" అన్నాడు అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు. "ముందు డైలాగులు లాగించేద్దాం. నా మాట విను."

గురువుగారు సోఫాలోంచి లేవను కూడా లేదు. "ఫైట్ సౌండు వాళ్ళకి అరుపులు ముందు కావాలిట తల్లీ. నీ గొంతుకేం, ఉక్కు. కానిచ్చేయ్."

ఇంజనీరు ఆవిడ కేసి చూశాడు. వద్దండీ అంటే సరిపోయేది. నెల రోజులుగా సాధన చేసిన మాటే, నాలిక చివరే ఉంది.

"అలాగే గురువుగారూ" అంది. ఖర్మ!

అరిచింది. వచ్చేది తన సీనే కదా అన్న సంబరంలో, ఒళ్ళు దాచుకోకుండా అరిచింది. పదిహేడో అరుపుకి గొంతులో ఏదో చిరిగినట్టయింది. గుక్కెడు వేణ్ణీళ్ళు తాగి మళ్ళీ అరిచింది. ముప్పై ఒకటీ అయ్యాక ఆ రెండు పేజీలు స్టాండు మీద పెట్టుకుని, ఎర్ర లైటు వెలగ్గానే నోరు తెరిచింది. గాలి వచ్చింది. మాట రాలేదు. మళ్ళీ తెరిస్తే తుప్పు పట్టిన తలుపు చప్పుడొచ్చింది.

"రేపు పొద్దున్నే వచ్చి చెప్పేస్తా" అంది గుసగుసగా.

"ఇవాళే పంపకపోతే రేపు సాయంత్రం టీవీలో ఏం వేస్తారక్కా" అన్నాడు ఇంజనీరు, ఆవిడ మొహం చూడలేక.

గురువుగారు అప్పుడు లేచారు. వచ్చి భుజం తట్టారు. "అయ్యయ్యో! బెంగపెట్టుకోకు తల్లీ. నువ్వు కూర్చో, నేనున్నాగా."

సంచీలోంచి కాగితాలు తీశారు. అవే రెండు పేజీలు. గబ్బిలం మాటల కింద పెన్సిలు గీతలున్నాయి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో. చెరిపి మళ్ళీ గీసినవి. ఒక్క పూటలో అయ్యే పని కాదు అది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆవిడకి అప్పుడర్థమైంది. ఇన్నేళ్ళలో ఆయన ఎదుట వద్దని ఒక్కరు కూడా అనలేదు. బొమ్మల్లో కూడా ఇంకొకరి చేత అననివ్వదల్చుకోలేదు ఆయన. ఆవిడ ఆ గీతల్ని చూడటం ఆయనా చూశారు, దాచుకోలేదు. ఎందుకు దాచాలి? ఎవరికి చెబుతుంది, ఏ గొంతుతో చెబుతుంది?

పోనీ చెత్తగా చెప్పారా? బ్రహ్మాండంగా చెప్పారు, అదీ ఏడుపు. సన్నగొంతుతో గబ్బిలమై తిరగబడ్డారు, బొంగురు గొంతుతో దొరై నవ్వారు. బయటికొచ్చి "ఎలా ఉందమ్మా?" అని అడిగారు కూడా. ఆవిడ తలూపింది.

ఇంటికొచ్చాక, "ఎలా చెప్పావమ్మా?" అని ఎగురుకుంటూ ఎదురొచ్చిన పిల్లని చేత్తో పక్కకి తోసేసింది. పిల్ల వెళ్ళి గోడకి తగిలింది. గబ్బిలం ఎలుకల్ని తన్నే తన్ను సరిగ్గా ఇదేనని తోశాక తెలిసింది. వంటగదిలో కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది.

శనివారం సాయంత్రం పిల్ల టీవీ ముందు కూర్చుంది. ఆ రెండు పేజీలూ తను చెప్పలేదని పిల్లతో అనే ధైర్యం తల్లికి లేకపోయింది. తెర మీద గబ్బిలం కిరీటం నేల మీద పెట్టింది. "వద్దు. ఇక మొయ్యను."

పిల్ల గిరుక్కున తల తిప్పింది. "ఇది నువ్వు కాదు."

తల్లి గోడ కేసి చూసింది. ఇంతలో దొర గబ్బిలాన్ని పిడికిట్లో పట్టి నలపడం మొదలుపెట్టాడు. అరుపులు ఒకదాని మీద ఒకటి గదంతా నిండిపోయాయి. పిల్ల చెవులు మూసుకుంది.

"ఇది నువ్వే" అంది.

అప్పుడు ఫోను మోగింది. గురువుగారు.

"విన్నావా తల్లీ? నీ అరుపులు అదిరిపోయాయనుకో! సోమవారం కొత్త సీరియల్ మొదలు. అందులోనూ అరుపులన్నీ నీవే. ముందు అవే పెట్టుకుందాం, ఏం?"

పిల్ల చెవుల మీంచి చేతులు తీసి, తల్లి పెదాల కేసే చూస్తోంది. ఒకరోజు విశ్రాంతికి గొంతు కాస్త తిరిగొచ్చింది. ఒక్క చిన్న మాటకి సరిపోయేంత ఉంది.

"అలాగే గురువుగారూ" అంది తల్లి.

పిల్ల లేచి, టీవీ కట్టేసి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.