పార్టీ చొక్కాలు

పొద్దున్నే టైలరమ్మ మిషన్‌కి నూనె వేసేది. గుండీలకు కాజాలు కుట్టే కాజాలక్క గుమ్మంలో వెలుతురు చూసుకుని కూర్చునేది. కుట్టేటప్పుడు టైలరమ్మ మనసు ఎలా ఉంటే, ఆ బట్టలు తొడుక్కున్నవాళ్ళ మనసూ అలాగే అయ్యేది. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు. అందుకే పెళ్ళిబట్టలు ఇచ్చేముందు, "మీ ఆయనతో మాటలున్నాయా?" అని కనుక్కుని మరీ ఇచ్చేవారు. ఒకసారి ఆమె పంటినొప్పితో కుట్టిన ప్యాంటు వేసుకుని బ్యాంకు మేనేజరు వచ్చినవాళ్ళందర్నీ కసిరాడు. పాపం, ఆయన తప్పేం లేదు.

ఆ పేటలో ఎన్నడూ డిపాజిట్టు దక్కని పార్టీ ఒకటి ఈసారి ఎలాగైనా కాలు మోపాలని వచ్చింది. "ఇక్కడ పుట్టినవాళ్ళకే ఇక్కడ చోటు" అన్నది వాళ్ళ నినాదం. కార్యకర్తలకు చొక్కాలు కుట్టించడానికి వాళ్ళ నాయకుడే దిగాడు. పేటకి కొత్త, టైలరమ్మ సంగతి అతనికి తెలియదు. కాజాలక్కను ఎగాదిగా చూశాడు.

"ఈవిడ బయటినుంచి వచ్చినావిడట కదా? మా చొక్కాల మీద ఈవిడ చెయ్యి పడకూడదమ్మా."

టైలరమ్మకి సూదిలో దారం ఎక్కించడం నేర్పిందే కాజాలక్క. అయినా టైలరమ్మ, "అక్కా, ఎన్నికలయ్యేదాకా ఇంటిపట్టున ఉండరాదూ?" అంది, మొహం చూడకుండా.

"అలాగేలే చెల్లీ," అని కాజాలక్క ఎదురుగా ఉన్న తన ఇంటికి వెళ్ళిపోయింది.

ఎంత సర్దిచెప్పుకున్నా టైలరమ్మ మనసు కుదుటపడలేదు. సంతోషంగా కుడదామని పాట ఎత్తుకుని, మొదటి చరణంలోనే ఆపేసింది. సిగ్గుతో చచ్చిపోతూనే చొక్కాలన్నీ కుట్టింది, కాజాలు కూడా తనే, వంకరటింకరగా.

ఎన్నికల ముందు ఆదివారం కార్యకర్తలు ఆ చొక్కాలు తొడుక్కుని, బయటివాళ్ళను పేట ఖాళీ చేయించడానికి బయలుదేరారు. మొదటి ఇల్లు కాజాలక్కదే. టైలరమ్మ తన తలుపు చాటున నిలబడి చూసింది.

గుమ్మం దగ్గరికి రాగానే నినాదాలు ఆగిపోయాయి. అందరికంటే మొరటువాడు తల దించుకున్నాడు.

"తప్పయిపోయింది పెద్దమ్మా," అన్నాడు. వెనకవాళ్ళూ అదే మాట. ఒకడైతే వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏం రోగం వచ్చిందిరా మీకు?" అని రెడీమేడ్ చొక్కాలో ఉన్న నాయకుడు గింజుకున్నాడు. ఎవరూ అతని మాట వినలేదు.

కాజాలక్క అందరికీ మంచినీళ్ళిచ్చింది. ఏడుస్తున్నవాడి చొక్కా గుండీలు తడిమి చూసింది. ఆ కుట్టు ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పాలా? వీధి అవతలికి చూస్తూ గొంతెత్తి అడిగింది.

"వీళ్ళందరిచేతా చెప్పించావు, బాగానే ఉంది. నువ్వెప్పుడు చెప్తావే?"