లేని పోలీసు

మలుపు దగ్గరే నా వడ్రంగి షెడ్డు. తలుపు తీస్తే రోడ్డు, రోడ్డు పక్కన నలభై అని రాసిన బోర్డు. ఆ బోర్డు కిందే నా భార్యను కారు గుద్దింది. సైకిలు క్యారియర్ మీద కుట్టిన బట్టల మూట పెట్టుకుని ఇంటికి వస్తోంది. నేను లోపల కిటికీ చట్రానికి కర్ర కోస్తున్నాను. చప్పుడు వినపడితే ఎవడో చెక్కలు దింపుతున్నాడనుకున్నాను.

కారువాడు మంచివాడేనట. చదువుకున్నవాడు, తాగలేదు, పారిపోలేదు, ఆస్పత్రికి కూడా వాడే తీసుకెళ్ళాడు. కొంచెం వేగంగా వచ్చాడు, అంతే. ఆ ‘అంతే’ అన్నవాళ్ళతో నేను మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాత పోలీసులు అప్పుడప్పుడు వచ్చి, మలుపు దాటాక ఉన్న కల్వర్టు దగ్గర స్పీడ్ గన్ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. దానికి డ్రైవర్ల దగ్గర విరుగుడుంది. పోలీసును దాటి వచ్చినవాడు ఎదురొచ్చే బండికి లైట్లు కొడతాడు. లేదా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అరచేత్తో గాలిని కిందికి నొక్కుతాడు. నెమ్మది, ముందు ఉన్నారు అని. బండ్లన్నీ పిల్లుల్లా కల్వర్టు దాటి, ఆ తర్వాత మళ్ళీ తొక్కుతాయి.

నా బావమరిది, పోయినామె సొంత తమ్ముడు, సరుకుల వ్యాను నడుపుతాడు. అక్క పోయి ఏడాది తిరక్కుండా వాడు నా షెడ్డు ముందే ఎదురు లారీకి లైట్లు కొట్టాడు. అడ్డం వెళ్ళి ఆపాను.

“ఏం పనిరా అది?”

“అందరూ చేసేదే బావా. మనవాళ్ళు దొరికిపోతుంటే చూస్తూ ఊరుకోలేం కదా.”

“మరి మీ అక్క ఎవరి మనిషి?”

వాడు బండి పోనిచ్చాడు. నేను వాణ్ణి ఇంటికి పిలవడం మానేశాను.

నా కూతురు అచ్చాఫీసులో పుస్తకాలు కుడుతుంది. వెళ్ళేది సైకిలు మీద, అదే రోడ్డున. బస్సులో వెళ్ళమన్నాను.

“ఏ బస్సు నాన్నా? చెక్కతో ఒకటి చేసిపెడతావా?”

అచ్చం వాళ్ళమ్మ నోరే.

ఒక పొద్దున అది సైకిలెక్కి బయల్దేరింది. వెనక ఇసుక లారీ మోతెక్కిస్తూ వస్తోంది. కల్వర్టు దగ్గర పోలీసుల్లేరు. నేను రోడ్డు పక్కకి వచ్చి అరచేత్తో గాలిని కిందికి నొక్కాను. లారీ కీచుమని తగ్గింది. నా కూతురి వెనక ఆవులా నడిచింది. డ్రైవరు నాకు సలాం కొట్టి మరీ వెళ్ళాడు.

అప్పట్నించి అది వెళ్ళే వేళకీ వచ్చే వేళకీ బోర్డు కింద నిలబడేవాణ్ణి. నాకు ‘పోలీసు బాబాయ్’ అని పేరు పెట్టారు. ఒకడు బండి ఆపి అరటిపళ్ళు చేతిలో పెట్టాడు. దారినపోయే మేకకి వేశాను. వాళ్ళు తగ్గింది చలానాకి భయపడి, మనిషిని చూసి కాదు. అయినా తగ్గారు. వాళ్ళ మనసులతో నాకేం పని?

కొన్నాళ్ళకి కానిస్టేబుల్ వచ్చాడు.

“పెద్దాయనా, చెయ్యి ఊపి డ్రైవర్లని తప్పిస్తున్నావట. మా డ్యూటీకి అడ్డం పడితే కేసవుద్ది, తెలుసా?”

“మీరొచ్చిన రోజున ఎప్పుడైనా ఊపానా?”

టోపీ తీసి తల గోక్కున్నాడు. “వచ్చిన రోజున... లోపల చిత్రిక పడుతూ కనపడతావు.”

“రాని రోజునే ఊపుతాను.”

“అంటే, మేం లేనప్పుడు ఉన్నామని చెప్తున్నావా!”

“మీరు రారు కదా. జీతం లేకుండా మీ పని చేస్తున్నా.”

వాడికి నవ్వాగలేదు. “నాకేమీ తెలీదు, నేనిక్కడికి రాలేదు,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వారమే నా బావమరిది స్పీడ్ గన్‌కి దొరికాడు. అంతకుముందే దొరికి ఉన్నాడు కాబట్టి ఈసారి లైసెన్సు కొన్ని నెలలు ఆపేశారు. ఓనరు వ్యాను ఇంకొకడికి ఇచ్చాడు. బావమరిది నా షెడ్డుకొచ్చి పడ్డాడు.

“నీ చెయ్యి లేవకపోతే ఖాళీ అనుకున్నా బావా. కావాలని పట్టించావు!”

“ఎంత మీద వచ్చావు?”

“అది కాదు మాట.”

“ఎంత?”

“డెబ్బై.”

“బోర్డు చదవడం రాదా?”

“నీ నాటకం లారీ స్టాండులో అందరికీ చెప్తా చూడు. రేపట్నించి నీ చేతికి ఈగ కూడా ఆగదు.”

అప్పుడే నా కూతురు సైకిలు నడిపించుకుంటూ లోపలికొచ్చింది. మాటలన్నీ వింది.

“చెప్పు మావయ్యా. పనిలో పనిగా నేనే వేళకి ఈ మలుపులో ఉంటానో కూడా చెప్పు. ఆ కాసేపైనా చూసుకుంటారు.”

వాడు దాని మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళి చెప్పాడు.

మర్నాడు నేను చెయ్యి ఊపితే ఎవరూ తగ్గలేదు. నీళ్ళ ట్యాంకరువాడు తల బయటపెట్టి, “పోలీసు మామలు ఇవాళా సెలవేనా బాబాయ్!” అని అరుస్తూ దూసుకుపోయాడు. ఆ గాలికి నా కూతురు సైకిలు కంకరలోకి ఒరిగింది. కాలు ఆనించి నిలదొక్కుకుంది. వాళ్ళమ్మ పడిన చోటే. వెనక్కి వచ్చెయ్యమని కేకేశాను. వినలేదు, వెళ్ళిపోయింది. రోడ్డుకి అడ్డంగా దుంగలు పడేద్దామనుకున్నాను. సాయంత్రం ఆ మాట అంటే, వాటి మీద ముందు పడేది సైకిలువాడే నాన్నా అంది.

బావమరిదికి గోదాములో మూటలెత్తే పని దొరికింది. వాడు కూడా సైకిలెక్కాడు. ఒక సాయంత్రం వంకరపోయిన చక్రాన్ని ఈడ్చుకుంటూ షెడ్డులోకొచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది.

“వ్యాను అద్దం తగిలింది. వాడు ఆగను కూడా లేదు.”

“ఎవడు?”

“మనవా...” అని ఆగిపోయాడు. “స్టాండువాడే.”

చెంబుతో నీళ్ళిచ్చి గాయం కడుక్కోమన్నాను. కడుక్కుంటూ వాడు చెక్కల వెనక గోడకి ఆనించిన సైకిలు చూశాడు. నా భార్యది. వెనక చక్రం సగానికి మడతపడి ఉంది.

“ఇదింకా ఉందా?”

“ఎక్కడికి పోతుంది?”

వాడు తడిచేత్తో ఆ చక్రాన్ని ముట్టుకున్నాడు. “అక్కడ పక్కకి జరగడానికి చోటే లేదు బావా. తారు అయిపోగానే గుంట.”

“ఇన్నేళ్ళు ఆ రోడ్డునే తిరిగావు కదరా.”

“పైన కూర్చుంటే కనపడదు.”

వాడి చక్రం నేను బాగుచెయ్యలేదు. దాన్ని ఈడ్చుకుంటూనే పోయాడు.

రెండు రోజులయ్యాక ట్యాంకరు మలుపులో మెల్లగా వచ్చి నా ముందు ఆగింది. డ్రైవరు గొంతు తగ్గించి అడిగాడు.

“బాబాయ్, మామలు ఇప్పుడు యూనిఫాం లేకుండా దుకాణాల్లో దాక్కుంటున్నారట, నిజమేనా?”

“ఎవరన్నారు?”

“నీ బావమరిదే. వాడిని అలాగే పట్టుకున్నారట. నీ మీద చెప్పిందంతా కోపంతో చెప్పాడట.”

“నాకేం తెలుసు,” అని ఒకసారి వెనక్కి తిరిగి షెడ్డులోకి చూశాను. వాడూ షెడ్డులోకి తొంగి చూశాడు. చిత్రికపొట్టు తప్ప లోపలేం లేదు. ట్యాంకరు పెళ్ళి ఊరేగింపులా కదిలింది.

“తనవాళ్ళకే అబద్ధం చెప్పాడు, ఇంకేం కావాలి నాన్నా? మావయ్యని భోజనానికి పిలువు,” అంది కూతురు.

“లైసెన్సు రానీ. స్టీరింగు దొరికాక చూద్దాం.”

వచ్చింది. వ్యానూ తిరిగొచ్చింది. ఒక పొద్దున వాడు కల్వర్టు వైపు నుంచి వస్తున్నాడు. ఎదురుగా లారీ వేగంగా వస్తోంది. లారీ ముందు, రోడ్డు అంచున, నా కూతురు తొక్కుతోంది. వాడు చెయ్యి బయటపెట్టి గాలిని కిందికి నొక్కాడు. లారీ తగ్గింది. ఆ రోజు కల్వర్టు దగ్గర పోలీసులెవరూ లేరు.

వ్యాను నా ముందు నుంచి నలభై లోపే పోయింది. వాడు నా వైపు చూశాడు. నేను తల ఊపలేదు, లోపలికి వెళ్ళి పని చూసుకున్నాను. భోజనానికి ఇంకా పిలవలేదు.