రెండు వేళ్ల సందు

నేను వేసిన ముడి ఊడదు. సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలు నడిపినవాణ్ని. సాంచా అంటే మరమగ్గం. పోగు తెగితే రెండు కొసలూ కలిపి, రెప్ప వేసేలోపు బిగించి, మిగిలిన దారం పళ్లతో కొరికేసేవాణ్ని. ఒకసారి నా ముడి ఉన్న గుడ్డ లంగా అయి ఎవరింటికో పోయింది. ఆ ఇంటాయన ఇసుక లారీ మానేరు వాగులో దిగబడింది. మోకులన్నీ తెగాయి. చివరికి ఇంటామె లంగా కట్టి లాగితే బయటికొచ్చింది. గుడ్డంతా పీలికలైంది గానీ నా ముడి ఉన్న చోట మాత్రం నలగనైనా నలగలేదు.

ఈ సంగతి వాడకట్టులో చెప్పినప్పుడల్లా లారీలో ఇసుక ఒక టన్ను పెరిగేది. నా పెళ్లాం శంకరవ్వ పెరట్లోంచి అరిచేది: "ఇసుక సంగతి తర్వాత, గా లంగ ఎవ్వలిదో ముందుగాల చెప్పు!"

ఇప్పుడు అరవదు. కార్తీకంలో టమాట నారు నాటి, నీళ్లు పోస్తూ పోస్తూ అక్కడే కూలబడింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. కరీంనగర్ దవాఖానలో ఇరవై రోజులుండి ఇంటికొచ్చేసరికి ఆమె నోట్లో ఒక్క మాటే మిగిలింది.

"నీళ్లు తాగుతవా?" అంటే, "వదులు."

"బిడ్డ శ్రీవాణి కోరుట్ల నుంచి ఫోన్ చేసింది, మాట్లాడుతవా?" అంటే, "వదులు."

యాభై ఏళ్ల కాపురం తర్వాత పెళ్లాం రోజుకు నలభైసార్లు వదలమంటే ఎట్లుంటుందో చెప్పలేను. "గప్పుడే అంటే ఇంకో సంబంధం చూసుకుందును గదనే! ఇప్పుడు నాకెవ్వరిస్తరు?" అన్నాను. ఎడమ పెదవి కొంచెం కదిలింది. నవ్వో కాదో.

డాక్టరు ముందే చెప్పాడు. "ఆమెకు అన్నీ అర్థమవుతయి తాతా. మాట రాదు, అంతే. ఏదన్న చూడాలని ఆమెకే అనిపియ్యాలె. గోడ దిక్కు తిరిగి పండుకున్నదంటే మాత్రం కష్టం."

ఇంటికొచ్చిన నాడే గోడవైపు తిరిగింది. గంజి పెట్టబోతే పళ్లు బిగించింది. ఏం చెయ్యాలో తెలియక మంచాన్ని పెరటి తలుపుకెదురుగా ఈడ్చాను. పన్నెండు టమాట మొక్కలు, తీగ సాగుతున్న ఒక కాకరపాదు. వాటిని చూడగానే ఆమె కళ్లు మొక్క మొక్కకూ ఆగుతూ పోయాయి. ఆ రోజు నాలుగు చెంచాల గంజి తాగింది. మొక్కలు నిలిస్తే మనిషి ఇటు చూస్తుంది, లేదంటే గోడే. నాకు అర్థమైన వైద్యం అది.

మొక్కలు మోకాలెత్తు దాటి పక్కలకు వాలుతున్నాయి. ఇన్నేళ్లూ ఆమె వాటినెట్లా కట్టేదో నేను చూసిన పాపాన పోలేదు. పత్తికట్టెలు తెచ్చి ఒక్కో మొక్క పక్కన ఒక్కోటి పాతాను. ఇంట్లో సాంచా కండెలకు చుట్టగా మిగిలిన పాలిస్టర్ దారం ఉండనే ఉంది. కాండాన్నీ కట్టెనూ కలిపి ఒక్క గుంజు గుంజి ముడి వేశాను. పన్నెండూ సిపాయిల్లా నిలబడ్డాయి.

"ఎట్లుంది?" అన్నాను మంచం దగ్గరికొచ్చి.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "వదులు," అంది. ఎడమచెయ్యి లేపి రెండు వేళ్లు చూపించింది. "వదులు! వదులు!"

"ఈ పని వదలాల్నా? నువ్వు చెప్తే ఇంటనా?" అన్నాను. మళ్లీ రెండు వేళ్లు చూపింది. అప్పుడు నాకు వెలిగింది. రెండు ముళ్లు! ఒక్క ముడి చాలదంటోంది. పెరట్లోకి పోయి ప్రతి మొక్కకూ పైన ఇంకో ముడి, మొదటిదానికంటే గట్టిగా బిగించి వచ్చాను. ఆమె కళ్లు మూసుకుంది. కంటి కొసన నీళ్లు. సంతోషమనుకున్నాను.

నెల తిరిగింది. పూత వచ్చింది, పిందె పడింది. ఒక పొద్దున చూస్తే మొక్కల తలలు వేలాడుతున్నాయి. నీళ్లు పోశాను. సాయంత్రానికి ఇంకా వేలాడాయి. పక్కింటి రషీదాబీని పిలిచాను. లంగాలు కుట్టే మనిషి, చెట్టూ చేమా తెలిసిన మనిషి.

ఆమె వంగి చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "యా అల్లా! పోశం భాయ్, చెట్లకు ఉరి ఏసినవా ఏంది?"

దారం కనబడటం లేదు. కాండం లావెక్కి దాన్ని తనలోకి మింగేసుకుంది. ముడిపైన ఉబ్బు, ఆపైనంతా ఎండు.

"టమాటకు పాత చీర పీలికలు కడ్తరు. గిదేమన్న సాంచానా? శంకరవ్వ ఎట్ల కడ్తుండెనో నువ్వెన్నడు చూడలే?" రషీదాబీ కొంగున దోపుకున్న పీలిక తీసి, కాకరతీగకూ పందిరి కట్టెకూ మధ్య రెండు వేళ్లు పెట్టి, వాటి చుట్టూ ముడి వేసి వేళ్లు లాగేసింది. "గిట్ల. రెండు వేళ్లు పట్టాలె. వదులుగ."

నేను మంచంవైపు చూశాను. శంకరవ్వ మమ్మల్నే చూస్తోంది.

కత్తెర తెచ్చాను. దారం కిందికి మొన పోవాలంటే కాండం కొయ్యాలి. మొదటి మొక్క నా చేతిలోనే పుటుక్కుమంది. రెండోదానికి గోళ్లు పెట్టాను. నలభై ఏళ్లలో నేను ముళ్లు వేశాను గానీ ఒక్కటీ విప్పలేదు. అదీ విరిగింది. మూడోది రషీదాబీ సూదితో పట్టింది. దారం తెగింది, తల నిలబడలేదు.

"చాలు భాయ్, ముట్టకు," అంది ఆమె, సూది రవికెకు గుచ్చుకుంటూ. "మిగిలినయి ఉంటే ఉంటయి, పోతే పోతయి. కాకరపాదు అయితే బతుకుతది."

రషీదాబీ ఇంటికి వెళ్లాక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. విరిగిన కొమ్మనుంచి ఒక పచ్చికాయ తెంపుకొచ్చి శంకరవ్వ ఎడమచేతి పక్కన పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు, ముట్టలేదు. నేను మంచం పట్టెమీద కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. లారీ కథ మొదలుపెట్టబోయాను. లంగా దగ్గరికి రాకముందే ఆపేశాను.

"వదులు," అంది.

"ఏం వదలాలె? ముడా? నన్నా?"

"వదులు."

నా పిడికిలి ఎంత బిగుసుకుని ఉందో అప్పుడు చూసుకున్నాను. ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. మెల్లగా సడలించాను, రెండు వేళ్లు పట్టేంత. ఆమె తన చెయ్యి లాక్కోలేదు, నా చెయ్యి పట్టుకోనూ లేదు. కళ్లు పెరట్లో వాలిన తలలమీదే ఉన్నాయి. ఇంకా గోడవైపు తిరగలేదు. తిరుగుతుందేమోనని ఆ చెయ్యి అట్లాగే ఉంచి కూర్చున్నాను.