నడిముక్క

చేపలు కడుగుతూ కడుగుతూ వినీల ఒక చిన్న పండుగప్పను విడిగా తీసి, ఉప్పు పట్టించి మూతపెట్టింది. “అత్తమ్మా, ఇది పులుసులో వెయ్యొద్దు. నేను పెనం మీద కాల్చుకుంటా” అని చెప్పింది. ఆదిశేషమ్మ తలూపింది. “ఉత్త ఉప్పు చేప ఏం బాగుంటదే? పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ అమెరికా పిచ్చి పోలా నీకు” అని హాల్లోంచి నవ్వాడు వినీల భర్త హరినాథ్.

అమెరికా పిచ్చి కాదది. ఒహాయోలో ఎమ్మెస్ చదివేటప్పుడు ఆమె చేప కోసం మొహం వాచిపోయింది. అక్కడి ఇండియన్ హోటళ్ళలో పనీరే రాజ్యం. గదిలో ఉండే వియత్నాం అమ్మాయి లాన్‌ది కూడా అదే ఆకలి, ఇంత వేడన్నం, ఇంత చేప. పోనీ జపాన్ హోటళ్ళలో దొరుకుతుందేమోనని ఇద్దరూ వెతికారు. మాల్‌లో ఉన్నది జపాన్ పేరు పెట్టుకున్న తియ్యటి కోడి. కాలేజీ ఎదుట హోటల్లో అన్నం చుట్టల నిండా చీజే. “మీరు ఆసియా వాళ్ళు కదా, మంచి జపాన్ హోటల్ ఏదో మీకే తెలియాలి” అని ల్యాబులో వాళ్ళు వీళ్ళనే అడిగేవారు. చివరికి బస్సెక్కి పక్క ఊరెళితే, బట్టలుతికే షాపు పక్కన ఒక ముసలి జపాన్ ఆమె నడిపే హోటలు కనిపించింది. ఎవరి పళ్ళెం వాళ్ళకే. వేడన్నం, పల్చటి చారు, ముల్లంగి ఊరగాయ, ఉప్పు రాసి కాల్చిన చేప. వాసనకే వినీలకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

తల వైపూ తోక వైపూ తినేసి, నడిముక్క తీసి పళ్ళెం అంచున పెట్టింది. పుట్టింట్లో చిన్నప్పటినుంచీ అంతే. నడిముక్కలు నాన్నకీ అన్నకీ. “ఎవరికోసం దాస్తున్నావు?” అని అడిగింది లాన్.  పక్కన పెట్టింది చూసి ముసలామె, చేప సరిగా కాలలేదేమోనని కంగారుగా వంటగదిలోంచి వచ్చేసింది. సిగ్గుపడిపోయి ఆ ముక్క నోట్లో పెట్టుకుంది వినీల. అంత మెత్తగా, అంత తియ్యగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

పొయ్యి ముట్టించబోతుంటే హరినాథ్ వచ్చాడు. “చెరువులో రొయ్యలు పైకి తేలతా ఉండాయంట. నువ్వు ఒకసారి పోయి నీళ్ళు చూసిరా, నీకైతే తెలుస్తది.” నిజమే, ఆమెకు తెలుస్తుంది. ఒహాయోలో చదివింది చేపలూ రొయ్యల పెంపకమే. కోట ఊరి చుట్టుపక్కల ఎవరిని అడిగినా అవి హరినాథ్ చెరువులు, హరినాథ్ తెలివి. వినీల స్కూటీ తీసింది.

ఎండలో నీళ్ళు పరీక్ష చేసి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేయించి తిరిగొచ్చేసరికి మగవాళ్ళ భోజనాలైపోయాయి. మూత తీస్తే గిన్నె ఖాళీ. “ముక్కలు చాలవేమోనని దాన్ని గూడా కోసి పులుసులో ఏసినా” అంది ఆదిశేషమ్మ, ఏమీ జరగనట్టు. “నీకు తోక ఉంచినాలే, నీకిష్టం గదా.”

నాకు ఇష్టమని ఎప్పుడు చెప్పాను? అనుకుంది వినీల. ఒక చేప. ఇంటెడు చాకిరీలో తనకోసం అడిగింది ఒక్క చేప. దానికి ఏడవడం ఎంత నామోషీ అనుకుంటూనే సింకు దగ్గర నిలబడి ఏడ్చింది.

“అమ్మా, నేనింకా తినలా. నీతో తిందామని ఉండా” అంటూ వచ్చింది కూతురు లాస్య. రేపటికి పులుసు ఊరాక హరినాథ్‌కి వేయాలని అత్తగారు పక్కన గిన్నెలో దాచిన రెండు నడిముక్కల్లో ఒకటి తీసి కూతురికి వడ్డించింది వినీల. పిల్ల అన్నం కలుపుకుని, ముక్క తీసి జాగ్రత్తగా పళ్ళెం అంచున పెట్టింది.

వినీల చెయ్యి ఆగిపోయింది. ఈ పిల్లకు ఎవరూ నేర్పలేదు. రోజూ తనను చూస్తూ నేర్చుకుంది.

“ఎవరికోసం దాస్తున్నావు తల్లీ?”

“నాన్నకి.”

వినీల కళ్ళు తుడుచుకుని, గిన్నెలో మిగిలిన నడిముక్క తన పళ్ళెంలో వేసుకుంది. తనకోసం ఉంచిన తోక ఆ గిన్నెలో పెట్టి మూతేసింది.

“నాన్న రేపు తోక తింటాడు. నువ్వు తినమ్మా, వేడిగా ఉంది.”