పుట్టింటికెళ్ళిన కోర్టు

సోమవారం పొద్దున్నే జ్ఞానప్రసూన గారు అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో, అల్లుడి ఇంట్లో గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో పసుపు డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. తేజేశ్వర్ కారు తాళాలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ తిరుగు టికెట్‌కి ఇంకా పద్దెనిమిది రోజులుంది. అతను రోజూ ఫోన్లో చూసుకుంటూనే ఉన్నాడు.

“అత్తయ్యగారూ, స్పీడింగ్ కేసు. పదకొండున్నరకి హియరింగ్. అక్కడ టైము మనకంటే గంట ముందు, పైగా రెండు గంటల డ్రైవ్. మిస్సయితే వారెంట్ ఇష్యూ చేస్తారు. నా వీసా రెన్యూవల్ గోవిందా!”

“కోర్టు పని మీద రాహుకాలంలో గడప దాటతారా ఎవరైనా? తొమ్మిది కానివ్వండి అల్లుడుగారూ. నేనూ వస్తాను.”

వాళ్ళు వెళ్ళాల్సిన వాబ్రుక్ కౌంటీ మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. నడుమ ఒక ఏరు. ఏటికి పడమట అరోరా టైమే, తూర్పున గంట ముందు. అక్కడి చెక్క కోర్టు పుట్టింది పడమటి ఒడ్డున. నూటయాభై ఏళ్ళ కిందట కోర్టు ఎక్కడుండాలని పెట్టిన ఓట్లలో తూర్పు ఊరివాళ్ళు గెలిచి, దుంగల మీద పెట్టి, నలభై జతల ఎద్దుల్ని కట్టి దాన్ని ఏరు దాటించుకుపోయారు. అప్పట్నించీ దానికి అక్కడ మనసు నిలవదు. బుద్ధి పుట్టినప్పుడు లేచి పాత చోటికి నడిచిపోయి, రెండ్రోజులుండి వస్తుంది. అందుకే అక్కడి లాయర్లు కార్లలో రబ్బరు బూట్లు ఉంచుకుంటారు.

అత్తా అల్లుడూ తూర్పు ఒడ్డున కోర్టు మెట్లెక్కేసరికి అక్కడ పన్నెండయింది. కౌంటర్లో ఉన్న క్లర్కు డోరతీ గడియారం వైపు చూసింది.

“అరగంట లేటు. లోపల పందుల కేసు నడుస్తోంది. అది అవగానే జడ్జిగారు నీ వారెంట్ మీద సంతకం పెడతారు.”

రాహుకాలం సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక తేజేశ్వర్ బెంచీ మీద కూలబడ్డాడు. ఆరేళ్ళ ఉద్యోగం, మొన్ననే కొన్న ఇల్లు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది. అత్తగారి మీద పీకల దాకా కోపమూ వచ్చింది.

జ్ఞానప్రసూన గారు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. “ఇంత పాత ఇల్లు! గడపకి పసుపు రాసే దిక్కే లేదా?” అని కొంగు దోపుకుని కూర్చుని, నిండుగా పసుపు రాసి బొట్లు పెట్టారు.

నేల కిర్రుమంది. కోర్టు నెమ్మదిగా లేచి నిలబడింది. డోరతీ ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో స్టాంపు ప్యాడు పట్టుకుంది. “ఏరు వస్తోంది, గట్టిగా పట్టుకోండి.” లోపల పందుల కేసు ఆగలేదు.

“పసుపు రాస్తే ఆడపిల్లకి పుట్టిల్లు గుర్తురాదూ?” అన్నారు అత్తగారు, చీర కుచ్చిళ్ళు తడవకుండా ఎత్తిపట్టుకుని.

పావుగంటలో కోర్టు పడమటి ఒడ్డున తన పాత పునాదుల మీద కూర్చుంది. గోపురం మీది గడియారం ముల్లు వెనక్కి ఒక చుట్టు తిరిగింది. డోరతీ తలెత్తి చూసింది.

“పదకొండుంపావు. నీ హియరింగ్ పదకొండున్నరకి కదా, తొందరగానే వచ్చావు. కూర్చో.” హాజరైనట్టు కాగితం మీద స్టాంపు గుద్దింది.

జడ్జి ఫైను వేసి, నెమ్మదిగా నడుపు నాయనా అని పంపేశాడు.

కారు అవతలి ఒడ్డునే ఉండిపోయింది. వంతెన మీద నడిచి వెళ్ళాలి. బయల్దేరే ముందు జ్ఞానప్రసూన గారు కోర్టు గోడ నిమిరారు. “ఎలాగూ వచ్చావు, నాల్రోజులుండి వెళ్ళమ్మా. తొందరేముంది?”

తేజేశ్వర్ సిగ్గుపడ్డాడు. వంతెన సగం దాటాక ఫోన్ తీశాడు.

“అత్తయ్యగారూ, మీ టికెట్ ఇంకో రెండు నెలలు ఎక్స్‌టెండ్ చేయనా?”

ఆవిడ సంచీలోంచి కళ్ళజోడు తీశారు.

“ఆగండి, వర్జ్యం చూడనివ్వండి.”

అతను ఫోన్ పట్టుకుని వంతెన మీద బుద్ధిగా నిలబడ్డాడు.