చిన్నదాని చేతిలో వణుకు

షెడ్డుకి కారొచ్చిందంటే మెకానిక్ ముందు దాన్ని వీధి చివరిదాకా తోలుకెళ్ళి, వేగం మీద ఉండగా బ్రేకు తొక్కి చూసేవాడు. స్టీరింగు వణికితే ముందు చక్రాల్లో తేడా, సీటు వణికితే వెనక చక్రాల్లో. అంతవరకు అతనికి పని బాగానే వచ్చు. ఆ తర్వాతే బద్ధకం. మిగతా షెడ్లలో అయితే చక్రం ఊడదీసి, బ్రేకు డిస్కు బయటికి తీసి, వెనక పట్టిన తుప్పు గీకుతారు. వంకర పోయి ఉంటే లేతు మిషను మీద సాపు చేయిస్తారు, కాదంటే కొత్తది వేస్తారు. ఎటు చూసినా పూట పని. ఇతను మాత్రం వెనక గదివైపు తల తిప్పి "చిన్నదానా, ఇలా రా" అని ఓ కేక వేసేవాడు.

చిన్నదంటే అతని చెల్లెలు. చేతిలో సూది గుడ్డకి గుచ్చిపెట్టి వచ్చి, చక్రం సందులోంచి చెయ్యి పోనిచ్చి, డిస్కు మీద అరచెయ్యి ఆనించేది. కారు వణుకు ఆమె చేతిలోకి ఎక్కేది, బండి బాగైపోయేది. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. కారువాళ్ళు గడియారం చూసుకుంటూ ఇంకెంతసేపమ్మా అని విసుక్కునేవాళ్ళు. ఒకాయన మాత్రం మా అత్తగారి తల వణుకు కూడా తీస్తుందా అని అడిగాడు. మనుషులవి మేం ముట్టుకోమండీ అన్నాడు మెకానిక్.

మొదట్లో ఎక్కిన వణుకు సాయంత్రానికల్లా దిగిపోయేది. రానురాను ఒకటి దిగేలోపే ఇంకోటి ఎక్కడం మొదలైంది. ఆమె నీళ్ళ గ్లాసు తెస్తే సగం నేలపాలే. "ఇల్లు కడగక్కర్లేదు, ఇది నాలుగుసార్లు తిరిగితే చాలు" అని వాళ్ళమ్మ నవ్వేది. చిన్నదానికి ఒళ్ళు మండేది. మండితే మాత్రం ఎవడిక్కావాలి ఆ ఇంట్లో?

ఆమె కోరుకున్నది ఒక్కటే, బజారు చివర కోట్లు కుట్టే టైలరమ్మ దగ్గర పని. చిన్నది ఎప్పుడో కుట్టిన కాజా ఒకటి చూసి టైలరమ్మ ముచ్చటపడింది. సోమవారం వచ్చి నా కళ్ళముందు కుట్టి చూపించు, బాగుంటే పైన గది కూడా ఇస్తానంది. తలుపుకి లోపల గడియ ఉన్న గది. అన్న కేక వినబడనంత దూరం. చిన్నదానికి ఆ గది మీద ప్రాణం పడింది.

"అన్నయ్యా, సోమవారందాకా నన్ను పిలవకు. నీకు దండం పెడతాను" అంది.

"సరేలేవే" అన్నాడు అన్న. అన్నట్టే వారమంతా పిలవలేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే నిమ్మళించాయి. సోమవారం పొద్దున తల దువ్వుకుంటుంటే షెడ్డులోంచి కేక.

"టాక్సీ అతను తొందరపడుతున్నాడు. ఈ ఒక్కటీ చూడవే."

"ఇవాళే కదా నేను వెళ్ళేది. డిస్కు ఊడదియ్యి, నీకొచ్చు కదా అన్నయ్యా."

"కాజాలు కుట్టే మొహానికి ఇంత టెక్కా? తిండి ఎవరు పెడుతున్నారనుకున్నావు?"

"వెళ్ళవే, అరిగిపోతావా" అంది అమ్మ కూడా. చిన్నది వెళ్ళి చెయ్యి పెట్టింది.

టైలరమ్మ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించడానికే ఆమెకి ఏడుపొచ్చింది. కుట్టు ఎటుపడితే అటు పాకింది. టైలరమ్మ కోటు లాక్కుని వెలుతుర్లో పెట్టి చూసింది.

"జ్వరం నీకా అమ్మాయ్, కోటుకా?" అంది. మిషన్ల దగ్గర ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. "ఆ పాత కాజా ఎవరు కుట్టారో వాళ్ళని పంపించు."

"నేనే కుట్టానండీ."

"పైగా అబద్ధం కూడానా" అని టైలరమ్మ గుమ్మం చూపించింది.

ఇంటికొచ్చి చెబితే అన్న పెద్దగా బాధపడలేదు. "పోనీలే, నీ చెయ్యి ఇక్కడ పనికొస్తోందిగా" అని కారు కిందికి దూరాడు. ఆ మాటతో అన్న ఆమె మనసులోంచి దిగిపోయాడు. చేతిలో వణుకు మాత్రం దిగలేదు.

కొన్నాళ్ళకి మెకానిక్ తనకోసం ఓ పాత కారు కొనుక్కున్నాడు. ఎర్రది. స్నేహితులు కొండ మీద ఎదురుచూస్తున్నారు, ఎక్కి చూపించాలని తహతహ. బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో గిలగిలలాడుతోంది. చిన్నదాన్ని పిలిచాడు.

ఆమె చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. ఇన్నేళ్ళుగా ఎక్కిన వణుకులన్నీ ఆమెకి తెలుసు. డిస్కు వంకరైతే లెక్క తప్పకుండా కొడుతుంది. ఇది అలా కాదు, ఎక్కడో ఏదో ఊగుతోంది.

"ఇది డిస్కు కాదన్నయ్యా. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి అదిమే క్యాలిపర్ ఉందే, దాని బోల్టు వదులైంది. చక్రం ఊడదీసి బిగించు."

"మెకానిక్ నువ్వా, నేనా?"

"వణుకు నేను తీసేస్తే బోల్టు ఊడేదాకా నీకు తెలియదు."

"తెలియకూడదనే కదా తియ్యమంటున్నాను! నోరు మూసుకుని చెయ్యి పెట్టు."

ఇంకోసారి చెప్పొచ్చు. అమ్మని పిలవొచ్చు, తాళంచెవి దాచెయ్యొచ్చు. చిన్నదానికి అవన్నీ తట్టాయి. తట్టినా ఒక్కటీ చెయ్యాలనిపించలేదు. అరచెయ్యి ఆనించి, నిదానంగా, చిటికెడు కూడా మిగల్చకుండా మొత్తం లాగేసింది. మోచేతిదాకా ఎక్కింది. అన్న వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, వెన్నలా ఆగుతోందని మెచ్చుకుని, ఈల వేసుకుంటూ కొండకి బయల్దేరాడు. ఆమె లోపలికెళ్ళి పడుకుంది. నిద్ర కూడా పట్టింది.

దిగేటప్పుడు వంపులో బ్రేకు తొక్కాడట. క్యాలిపర్ ఊడి చక్రంలో ఇరుక్కుంది. కారు రాతిగోడకి కొట్టుకుంది. ప్రాణం దక్కింది గానీ రెండు చేతులూ నుజ్జయ్యాయి, ఇక స్పానర్ పట్టే పని లేదన్నారు డాక్టర్లు.

ఇప్పుడు షెడ్డు మూతబడింది. మెకానిక్ మంచం మీద దిండుకి చేరగిలబడి ఉంటాడు, రెండు చేతులకీ భుజాలదాకా కట్లు. చిన్నది పొగలు కక్కే జావ గిన్నె తెచ్చి పక్కన కూర్చుంది. చెంచా ఎత్తితే చెయ్యి గడగడలాడింది. సగం అతని మెడ మీద పడింది.

"కాల్తోందే! సరిగ్గా పట్టుకో."

"నీ బండి వణుకే అన్నయ్యా. ఇంకా దిగలేదు."

అమ్మ గబగబా వచ్చి చెంచా అందుకోబోయింది. "ఇలా ఇవ్వవే, నేను పెడతాను."

చిన్నది గిన్నె తనవైపు జరుపుకుంది. "నువ్వు కూర్చో అమ్మా. తిండి పెట్టేది నేనేగా ఇప్పుడు" అంది. చెంచా నిండా ముంచి, మళ్ళీ ఎత్తింది.