నూనె ఎరగని తల

గాజుపాత్రను వెలుతురుకెత్తి, దాని లోపలి గోడ మీద నీరు జారే తీరు చూస్తున్నాడు నీళ్లాయన. నీరు ఎక్కడా విడిపోకుండా ఒకే పొరగా దిగితే పాత్ర శుభ్రమైనట్టు. ఒక్క చోట చుక్క నిలిచిందా, మళ్లీ ఆమ్లంలోకి. నీళ్లను ఆవిరి పట్టి శుద్ధి చేయడం, ల్యాబులో గాజుసామాను కడగడం ఆయన ఉద్యోగం. సన్నటి మనిషి, పసుపెక్కిన గోళ్లు, ఎండుగడ్డిలాంటి జుట్టు.

ఆ జుట్టుకొక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తలనూనె వేలికంటి, వేలి నుంచి పాత్రకంటి, అందరి శ్రమా బూడిదలో పోసిన పన్నీరైంది. ఆనాటి నుంచి ఆయన తలకు నూనె రాయలేదు. భార్య మొదట అలిగింది, తరవాత ఎగతాళి చేసింది, చివరికి సీసాను అలమరలో వెనక్కి నెట్టేసింది. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయాడు.

ఈ రోజు మాత్రం ఆయనకు స్థిమితం లేదు. పరిశోధకురాలు గంజిలో ఉండే పొడవాటి అణువుల గొలుసులకు నూనె తోకలు అతికించింది. గొలుసుకు నీళ్లంటే ప్రాణం, తోకకు నీళ్లంటే పడదు. పడని వియ్యపురాళ్లను ఒకే గదిలో పెట్టినట్టే. తోకలు ముందు నీటి పైకి చేరి ఆ పైపొర బిగువు, అంటే తలతన్యత, తగ్గిస్తాయి. పైన చోటు నిండాక, లోపల ఒకదాన్నొకటి పొదువుకొని సన్నని ఉండలవుతాయి. నీళ్లలో కరగని మందును ఆ ఉండల కడుపులో దాచి రోగికి ఇవ్వవచ్చునని ఆమె ఆశ. పని పరిశీలించడానికి వచ్చిన పెద్దమనిషి మాత్రం, బిగువు తగ్గించింది గంజి కాదు, సరిగా కడగని గాజుకంటిన జిడ్డు కావచ్చన్నాడు. ఆ మాట ఆమెకంటే నీళ్లాయనకే ఎక్కువ గుచ్చుకుంది. బతుకంతా కడిగినవాడికి అది చిన్న మాట కాదు.

పెద్దమనిషి ఎదుటే ఆయన బిగువు కొలిచే ప్లాటినం ఉంగరాన్ని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక వట్టి నీటి మీదికి దించి పైకి లాగాడు. నీరు దాన్ని గట్టిగా పట్టుకుంది. శుద్ధమైన నీటికి ఉండవలసిన అంకే వచ్చింది. మళ్లీ కడిగాడు, మళ్లీ కాల్చాడు. అదే అంకె. తరవాత గంజినీళ్లు. తోకలు పైకి చేరాలంటే తొందర పనికిరాదు. భోజనానికి కూడా లేవకుండా, కళ్లలో వత్తులు వేసుకొని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి లాగుతుంటే మోకాలికి రుద్దుకున్నాడు. బిగువు తగ్గింది. గంజి ఇంకా కలుపుతూ పోతే ఒక దగ్గర తగ్గడం ఆగిపోయింది. ఉండలు కట్టాయన్నమాట.

"గాజులో దోషం లేదండి," అన్నాడు పెద్దమనిషి.

"కడిగిన ముత్యంలా బయటపడ్డాం. రేపు రాకండి, కాస్త పడుకోండి," అంది పరిశోధకురాలు.

పాత్ర కడిగి గుడ్డ మీద బోర్లించి ఆయన ఇంటిదారి పట్టాడు. రాజులైనా అంత దర్జాగా నడిచి ఉండరు.

"ఆ నూనె సీసా తియ్యవే," అన్నాడు ఇంట్లో అడుగుపెట్టగానే.

"పొద్దు పడమట పొడిచిందా ఏమిటండీ?"

"రేపు సెలవు. ఎల్లుండి తల రుద్దుకుని పోతాలే. ఈ ఒక్కరోజూ అనుభవించనీ."

భార్య నవ్వుకుంటూ నూనె వెచ్చచేసి, గిన్నె పక్కన పెట్టుకొని, ఆయన వెనక కూర్చుంది. ఆ తల ఆమె చేతికి కొత్తగా తగిలింది. ఇన్నేళ్లూ దూరం పెట్టినందుకు కోపమూ వచ్చింది, ప్రేమా వచ్చింది.

"హాయిగా ఉందే," అన్నాడు. కాసేపటికి తల ఆమె అరచేతిలోకి ఒరిగింది. నిద్రపట్టిందనుకొని ఆమె చెయ్యి కదపలేదు. తిమ్మిరెక్కాక మెల్లగా పిలిచింది. పలకలేదు. ముక్కు దగ్గర పెట్టిన వేలికి ఊపిరి తగల్లేదు.

పక్కన గిన్నెలో చల్లారిన నూనె మీద ఆయన వెంట్రుక ఒకటి తేలుతోంది.